వినేవారే కాదు, వినిపించేవారు కూడా



ఈ దినము ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. మా సంఘంలో ఒక తమ్ముడున్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఆదివారపు ప్రసంగాన్ని రికార్డు చేయడం, అందులోని దగ్గులూ కుర్చీల చప్పుళ్లూ తీసివేయడం, మొదలూ చివరా సరిచేసి ఫైలుగా తయారుచేయడం అంతా అతని పనే. చూపున్న మాలో ఎవరూ ఆ పని అంత శుభ్రంగా చేయలేరు. ఆ ప్రసంగాలను పాడ్‌కాస్ట్‌గా పెడదామని ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నాము. అతడు కీబోర్డు మీదనే పేరు టైపు చేశాడు, వివరం వ్రాశాడు, ఫైలు ఎంచుకున్నాడు. తీరా చివరి మెట్టుకు వచ్చేసరికి కంప్యూటరు గొంతు "బటన్, బటన్, బటన్" అని మూడుసార్లు పలికి ఊరుకుంది.

పక్కన కూర్చున్న నాకు తెర మీద బొమ్మలు కనబడుతున్నాయి. ఒకటి ప్రచురించేది, ఒకటి చెరిపివేసేది, మరొకటి వెనక్కి తీసుకుపోయేది. అతనికి మూడూ ఒక్కటే. తప్పు బటన్ నొక్కితే రెండు గంటల కష్టం పోతుంది. అప్పుడు అతడన్న మాట నేను మరచిపోలేదు. "అయ్యగారూ, వినడానికైతే నాకు ఎన్నో తలుపులు తెరిచి ఉన్నాయి. వినిపించడానికి వచ్చేసరికే గడియ ఎక్కడుందో దొరకడం లేదు."

ఆ మాట వెనుక రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఈ దినము ఆ చరిత్రనే మీ ముందు పెట్టాలని ఆశిస్తున్నాను.

చదవడం ఒకటి, వ్రాయడం ఒకటి

1785లో పారిస్ నగరంలో వాలెంటిన్ హాయ్ అనే ఆయన చూపులేని పిల్లల కోసం పాఠశాల తెరిచాడు. మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేయించి, వ్రేళ్లతో తడిమి చదవడం నేర్పించాడు. అది గొప్ప మేలు. కాని అందులో ఒక లోటుంది. ఆ అక్షరాలను పిల్లలు నెమ్మదిగా చదవగలరు గాని, తమంతట తాము సుళువుగా వ్రాయలేరు. ఎవరో చూపున్నవారు తయారుచేసి ఇస్తేనే పుస్తకం. వారు ఇవ్వకపోతే లేదు.

1819లో అదే పాఠశాలకు లూయీ బ్రెయిలీ అనే పదేళ్ల బాలుడు వచ్చాడు. పదిహేనేళ్లు నిండేసరికి, అంటే 1824 నాటికి, ఆరు చుక్కల లిపిని రూపొందించాడు. 1829లో దానిని పుస్తకంగా ప్రకటించాడు. ఆ లిపిలోని అసలు విశేషం త్వరగా చదవగలగడం మాత్రమే కాదు. ఒక పలక, ఒక మొనదేలిన పుల్ల ఉంటే చాలు, చూపులేని మనిషి తన ఉత్తరం తానే వ్రాసుకోవచ్చు, తన లెక్క తానే వేసుకోవచ్చు. అయినా చూపున్న పెద్దలు దానిని వెంటనే ఒప్పుకోలేదు. తమ కంటికి తెలిసిన అక్షరాలే మేలన్నారు. 1852లో బ్రెయిలీ చనిపోయాడు. ఆ తరువాత రెండేళ్లకు, 1854లో గాని, ఫ్రాన్సులో ఆ లిపికి అధికారిక గుర్తింపు రాలేదు.

ప్రియులారా, ఈ ఒక్క సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. చదివే తలుపు ముందు తెరుచుకుంది. వ్రాసే తలుపు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. కంప్యూటర్ల కాలంలో కూడా ఇదే వరుస మళ్లీ వచ్చింది.

ఫీడ్ అంటే ఏమిటి?

పాడ్‌కాస్ట్ అనే మాట మీరు వినే ఉంటారు. దాని అడుగున ఉన్నది ఫీడ్ అనే ఒక జాబితా. వార్తాపత్రిక ఇంటింటికీ వేసే కుర్రవాణ్ణి ఊహించుకోండి. రోజూ మనము అంగడికి వెళ్లి కొత్త పత్రిక వచ్చిందా అని అడగనక్కరలేదు, అతడే తెచ్చి గుమ్మంలో వేస్తాడు. ఫీడ్ చేసే పని అదే. ఒక వెబ్‌సైటులో కొత్తగా వచ్చిన అంశాల పేర్లు, వివరాలు, తేదీలు, చిరునామాలు ఒక క్రమంలో వ్రాసి ఉంచుతారు. మన దగ్గరున్న ప్రోగ్రాము ఆ జాబితాను అప్పుడప్పుడు చూసి వచ్చి, కొత్తది ఉంటే మనకు అందిస్తుంది.

1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీ తన మై నెట్‌స్కేప్ పేజీ కోసం ఆర్ఎస్ఎస్ అనే ఫీడ్ పద్ధతిని ప్రవేశపెట్టింది. దానిని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు డాన్ లిబ్బీ, మరొకరు మద్రాసు ఐఐటీలో చదువుకున్న రామనాథన్ గుహా. తరువాత డేవ్ వైనర్ అనే ప్రోగ్రామరు దానిని ముందుకు తీసుకువెళ్లాడు. రేడియో, టెలివిజన్ రంగంలో పేరున్న ఆడమ్ కర్రీ 2000 సంవత్సరంలో వైనర్‌ను కలిసి ఒక ఆలోచన చెప్పాడు. ఆనాటి ఇంటర్నెట్ నత్తనడక నడిచేది. ఒక పాట దిగడానికి ఎంతోసేపు కాచుకుని కూర్చోవాలి. మనము నిద్రపోతున్నప్పుడే కంప్యూటరు ఆ ఫైలును తెచ్చిపెట్టుకుంటే, తెల్లవారేసరికి వినడానికి సిద్ధంగా ఉంటుంది కదా అన్నాడు.

ఆ ఆలోచన నుండి ఎన్‌క్లోజర్ అనేది పుట్టింది. ఉత్తరంతోపాటు కవరులో జతచేసే కాగితం వంటిది. 2000 డిసెంబరులో వైనర్ దానిని ఆర్ఎస్ఎస్ 0.92లో చేర్చాడు. 2001 జనవరిలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం పాటను జతచేసి పరీక్షించాడు. ఎన్‌క్లోజర్‌లో చెప్పవలసినవి మూడే సంగతులు: ఫైలు ఎక్కడుంది, ఎంత పెద్దది, ఏ రకానిది. అరగంట ప్రసంగాన్ని సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున ఫైలు చేస్తే సుమారు 1 కోటి 44 లక్షల బైట్లు వస్తుంది. ఆ అంకె, ఆ చిరునామా, ఆ రకం వ్రాస్తే చాలు.

2003లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు బెర్క్‌మన్ కేంద్రంలో రేడియో పాత్రికేయుడు క్రిస్టఫర్ లైడన్ చేసిన సంభాషణలను వైనర్ ఫీడ్ ద్వారా అందించాడు. 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్స్లీ అనే రచయిత లండన్ గార్డియన్ పత్రికలో ఈ కొత్త సంగతికి ఏ పేరు పెట్టాలా అని ఆలోచిస్తూ పాడ్‌కాస్టింగ్ అనే మాట వాడాడు. 2005 జూన్ 28న యాపిల్ కంపెనీ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులను చేర్చింది. రెండే రోజులలో పది లక్షల చందాలు దాటాయని ఆ కంపెనీ ప్రకటించింది. ఆ ఏడాది న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు వారు పాడ్‌కాస్ట్‌ను ఆ సంవత్సరపు మాటగా ఎంచుకున్నారు.

చెవికి పుట్టినది, కంటికి కట్టినది

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. పాడ్‌కాస్ట్ పూర్తిగా చెవికి సంబంధించినది. చూపులేనివారికి ఇంతకంటే తగినది ఏముంటుంది? కాని ఆ పేరులో ఉన్న ఐపాడ్ పరికరమే వారు నడపలేనిది. తెర మీద జాబితా కనబడేది, చక్రం తిప్పి ఎంచుకోవలసి వచ్చేది, ఏది ఎంచుకున్నామో పరికరం నోరు తెరిచి చెప్పేది కాదు. 2008లో వచ్చిన నాలుగవ తరం ఐపాడ్ నానోలో గాని జాబితాలను పలికి వినిపించే సదుపాయం రాలేదు.

అలాగని చూపులేనివారు చేతులు కట్టుకొని కూర్చోలేదు. పాడ్‌కాస్ట్ అనే మాట పుట్టకముందే, 1999లో, అమెరికన్ కౌన్సిల్ ఆఫ్ ది బ్లైండ్ వారు ఏసీబీ రేడియో అనే ఇంటర్నెట్ రేడియోను ప్రారంభించారు. న్యూజిలాండుకు చెందిన, తానే చూపులేనివాడైన జోనథన్ మోసెన్ దానిని నడిపించాడు. గొంతు వారిదే, నిర్వాహణ వారిదే. కాబట్టి లోపం మనుషులలో లేదు. పనిముట్లలో ఉంది.

మాట్లాడే పనిముట్లు

చూపులేనివారు కంప్యూటరు వాడేది స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాముతో. అది తెర మీది అక్షరాలను గొంతుతో చదువుతుంది. దీని చరిత్ర కూడా చూపులేనివారి చేతులతో వ్రాసిన చరిత్రే. మోటారు సైకిలు పందెగాడైన టెడ్ హెంటర్ 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకొని, ఒక భాగస్వామితో కలిసి కంపెనీ పెట్టి, జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను తీసుకొచ్చాడు. అది ప్రపంచమంతటా వ్యాపించింది. కాని ఆనాడు దాని ధర వందల డాలర్లు ఉండేది. మన దేశంలో ఒక సామాన్య విద్యార్థికి అది అందని పండుగా ఉండేది.

2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను వ్రాయడం మొదలుపెట్టాడు. చిన్ననాడు సంగీత శిబిరంలో పరిచయమైన, తనలాగే చూపులేని జేమ్స్ టే అతనితో కలిశాడు. చూపున్నవాడు కొన్న కంప్యూటరు మీద తెర ఊరకే వస్తున్నప్పుడు, చూపులేనివాడు అదే కంప్యూటరు వాడడానికి వేరుగా వందల డాలర్లు ఎందుకు చెల్లించాలి? వారి పని ఈ ప్రశ్నకు జవాబు. ఈ దినము మా తమ్ముడి కంప్యూటరులో పలికే గొంతు అదే.

అయితే ఒక సంగతి అర్థం చేసుకోవాలి. స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు బటన్‌కు లోపల వ్రాసి ఉంచిన పేరును చదువుతుంది. "ప్రచురించు" అని పేరు వ్రాస్తే ఆ మాటే పలుకుతుంది. బాణం గుర్తు బొమ్మ పెట్టి పేరు వ్రాయడం మరచిపోతే "బటన్" అని మాత్రమే అంటుంది. ఒక్క పేరు వ్రాయడానికి ఒక నిమిషం పట్టదు. ఆ నిమిషం పెట్టకపోవడం వలన ఒక మనిషి పనిని ఆపుకోవలసి వస్తుంది.

నియమాలు వచ్చాయి

ఈ లోపాన్ని పెద్దలు గుర్తించలేదని కాదు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం వారు 1999 మే నెలలో వెబ్ పేజీలు అందరికీ అందేలా ఎలా ఉండాలో మొదటి నియమావళిని ప్రకటించారు. అది చదివేవారి కోసం. ఆ తరువాత 2000 ఫిబ్రవరి 3న మరొక నియమావళి ప్రకటించారు. దాని పేరు ఏట్యాగ్. ఇది వ్రాసేవారి పనిముట్ల కోసం. అందులో రెండు బాధ్యతలున్నాయి. ఒకటి, ప్రచురించే సాఫ్ట్‌వేర్‌ను వైకల్యం ఉన్నవారు స్వయంగా నడపగలగాలి. రెండు, ఆ సాఫ్ట్‌వేర్‌తో తయారైనది కూడా అందరికీ అందేలా ఉండాలి. 2015 సెప్టెంబరులో దాని రెండవ రూపం వచ్చింది. మొదటి నియమావళి పేరు చాలామందికి తెలుసు. రెండవదాని పేరు తెలిసినవారు బహు తక్కువ. వినేవారి తలుపుకూ వినిపించేవారి తలుపుకూ మధ్య ఉన్న తేడా ఇక్కడ కూడా కనబడుతుంది.

2003 మే నెలలో వర్డ్‌ప్రెస్ వచ్చింది. అందులో పేరు, వివరం నింపితే చాలు, ఫీడ్ దానంతట అదే తయారవుతుంది. కీబోర్డుతో నడిచే ఆ సాదా ఫారం చూపులేనివారికి మేలు చేసింది. కాని 2018 డిసెంబరు 6న వచ్చిన 5.0లో వ్రాసే పేజీని బ్లాకుల పద్ధతికి మార్చారు. స్క్రీన్ రీడర్ వాడేవారు చిక్కులో పడ్డారు. 2019లో వెలువడిన ఒక స్వతంత్ర పరిశీలన అందులో ఎన్నో లోపాలను ఎత్తిచూపింది. తరువాతి కాలంలో చాలా సరిదిద్దారు. పాత పద్ధతిలోనే వ్రాయదలచిన వారికి ఆ ఏర్పాటు కూడా ఉంచారు. అయినా పాఠం పాఠమే. ఒకసారి తెరిచిన తలుపు తెరిచే ఉంటుందని నమ్మి నిద్రపోకూడదు.

మరొక అడ్డు కూడా ఉండేది. ఖాతా తెరవాలంటే వంకరటింకర అక్షరాల బొమ్మ చూపించి, ఇందులో ఏముందో టైపు చేయండి అనేవారు. మర మనిషిని ఆపడానికి పెట్టిన ఆ కావలి, చూపులేని మనిషిని కూడా ఆపింది. 2005లో కన్సార్టియం వారు ఈ విషయమై ప్రత్యేకంగా పత్రం ప్రకటించి హెచ్చరించారు.

మన భాష సంగతి

మన తెలుగుకు మరొక బాధ తోడైంది. 2000ల తొలి సంవత్సరాలలో తెలుగు వెబ్‌సైటులు చాలా వరకు ఎవరి ఫాంటు వారిదే అన్నట్టు ఉండేవి. కంటికి తెలుగు అక్షరం కనబడేది గాని, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. స్క్రీన్ రీడర్ ఆ గజిబిజినే చదివేది. యూనికోడ్ వ్యాపించిన తరువాతే కంప్యూటరుకు తెలుగు తెలుగుగా అర్థమైంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడ్‌కు చోటు దొరికింది. ఆ దశకంలోనే కూడలి అనే చోట తెలుగు బ్లాగుల ఫీడ్‌లన్నీ ఒకే పేజీలో చేరేవి. మన భాషలో ఫీడ్ అనేది ఎంత ఉపయోగమో చాలామందికి మొదట తెలిసింది అక్కడే. ఎన్‌వీడీఏతోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగును కూడా చదువుతుంది. కాస్త యంత్రంలాగా ఉంటుంది, అయినా అర్థమవుతుంది.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. శబ్ద, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని విషయాలు వికలాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చూడాలని అందులోని 42వ సెక్షన్ చెబుతోంది.

మేము చేసిన పరీక్ష

మళ్లీ మా తమ్ముడి దగ్గరకు వస్తాను. ఫీడ్ అనేది చివరికి సాదా అక్షరాల ఫైలే అని తెలిసిన తరువాత, అతడు నోట్‌ప్యాడ్‌లో చేత్తోనే ఒకటి వ్రాశాడు. నాలుగు వారాలు బాగా నడిచింది. అయిదవ వారం ప్రసంగం పేరు "విశ్వాసము & క్రియలు". ఆ మధ్యనున్న ఒక్క గుర్తుతో ఫీడ్ మొత్తం ఆగిపోయింది. ఎందుకంటే ఫీడ్ వ్రాసే ఎక్స్ఎంఎల్ పద్ధతిలో ఆ గుర్తుకు వేరే పని ఉంది, దానిని మరొక విధంగా వ్రాయాలి. ఒక్క తప్పును కూడా ఆ పద్ధతి క్షమించదు. అందుకే చేత్తో వ్రాయడం నేర్చుకోవడానికి మంచిది గాని, వారం వారం నడపడానికి సాఫ్ట్‌వేరే మేలు.

అప్పుడు ఒక సాయంత్రం ఇద్దరము కూర్చొని మరి రెండు సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించాము. అతని మాట మీద నేను తెరను ఆర్పివేశాను, మౌస్‌ను బీరువాలో పెట్టాను. ట్యాబ్ మీటతో ఒక్కొక్క గడికి వెళ్లాము. ప్రతి గడి తన పేరు చెబుతోందా? తేదీని టైపు చేయనిస్తుందా, లేక క్యాలెండరు బొమ్మ మీదే నొక్కాలంటుందా? తప్పు చేస్తే మాటలతో చెబుతుందా, ఎర్ర రంగు చూపి ఊరుకుంటుందా? ఫైలును ఎంచుకోనిస్తుందా, లేక లాగి తెచ్చి పడవేయమంటుందా? ప్రచురించిన తరువాత పని అయిందని పలుకుతుందా? చివరగా, వేరే ఫోనులో ఆ ఫీడ్‌కు చందా కట్టి, కొత్త ప్రసంగం వచ్చిందో లేదో విన్నాము.

చీకటిలో కూర్చున్న ఆ గంటలో చెమటలు పట్టింది నాకు. అతనికి కాదు. అది అతని ప్రతిదినపు జీవితము. రెండింటిలో ఒకటి అన్ని ప్రశ్నలకూ నిలిచింది. దానినే తీసుకున్నాము. మొదట తెచ్చిన సాఫ్ట్‌వేర్ వారికి ఆ మూడు బటన్ల గురించి అతడే ఉత్తరం వ్రాశాడు. ఇంతవరకు జవాబు లేదు. రెండవసారి వ్రాస్తానంటున్నాడు.

ఇంకొక తలుపు

ముగించే ముందు ఒక మాట. చూపులేనివారి గురించి ఇంతసేపు చెప్పుకున్నాము. వినికిడి లేనివారి సంగతి ఏమిటి? పాడ్‌కాస్ట్ వారికి మూసిన తలుపే. 2020లో ఆడమ్ కర్రీ, డేవ్ జోన్స్ మొదలుపెట్టిన పాడ్‌కాస్టింగ్ 2.0 ప్రయత్నంలో, ఫీడ్‌లోనే లిఖిత ప్రతిని జతచేసే ఏర్పాటు వచ్చింది. 2021 డిసెంబరులో అమెరికాలోని బధిరుల జాతీయ సంఘం, లిఖిత ప్రతులు ఇవ్వడం లేదని కొన్ని పాడ్‌కాస్ట్ సంస్థల మీద దావా వేసింది. 2024 మార్చిలో యాపిల్ తన పాడ్‌కాస్టులకు లిఖిత ప్రతులను చూపడం ప్రారంభించింది. ప్రారంభంలో నాలుగు భాషలు: ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిషు, జర్మన్. అందులో తెలుగు లేదు.

కాని ప్రియ పాఠకులారా, మీ చేతిలో ఉన్న ఈ పత్రికను చూడండి. రేడియోలో చెప్పిన మాటలను ఎవరో ఓపికగా విని, వ్రాసి, అచ్చువేస్తే ఈ పుటలు తయారయ్యాయి. ఇదీ లిఖిత ప్రతే. వినలేని ఒక అమ్మగారు తన గదిలో కూర్చొని దీనిని చదువుతూ ఉండవచ్చు. యంత్రం రాకముందే ఈ పని మనుషులు చేశారు.

మీ సంఘంలో, మీ బడిలో, మీ ఊరి సంఘాలలో రేపు ఏదైనా సాఫ్ట్‌వేర్ తీసుకోబోతే, డబ్బు కట్టకముందే ఒక్క సాయంత్రం తెర ఆర్పి చూడండి. అంతకంటే మేలైనది, చూపులేని సహోదరుణ్ణో సహోదరినో పిలిచి, కీబోర్డు వారి చేతికిచ్చి, మీరు పక్కన ఊరకే కూర్చోండి. వారు వినగలరా అని మాత్రమే కాదు, వారు వినిపించగలరా అని అడగండి.

మొన్న ఆదివారం ప్రసంగం అయిన నలభై నిమిషాలకు నా ఫోను మోగింది. కొత్త భాగం వచ్చిందని ఫీడ్ తెలియజేసింది. దానిని పెట్టినవాడు మా తమ్ముడు. ఈసారి అతని పక్కన ఎవరూ కూర్చోలేదు.